నిమ్మ ఉప్పుకి ఒక వ్యతిరేక ఓటు

జనవరి 9, 1995. సోమవారం.

ఓట్లు వచ్చాయి. అన్నీ అనుకూలం, ఒకటి తప్ప. మళ్ళీ యోస్టే.

స్టెయిన్‌లెస్ స్టీలుని ఆసిడ్‌తో శుభ్రం చేయడానికి, ఇన్నేళ్ళూ నైట్రిక్ ఆసిడ్ ఒక్కటే ఏలిన ప్రమాణంలో నిమ్మ ఉప్పుకి, అదే సిట్రిక్ ఆసిడ్‌కి, ఒక పేరా చోటిమ్మని అడిగాం. అంతే అడిగాం. కమిటీ నియమం ప్రకారం ఒక్క వ్యతిరేక ఓటున్నా దానికి సరైన జవాబు చెప్పేదాకా కాగితం కదలదు. పెన్సిల్వేనియాలో, ఈరీలో, కవాటాల కంపెనీ నుంచి ఎప్పుడో రిటైరైన ఒక ముసలాడు, పోయి చేపలు పట్టుకోకుండా ఇంకా కమిటీని పట్టుకుని వేలాడుతున్నవాడు, ఎల్వుడ్ యోస్ట్, "కాదు" అన్న గడిలో గీత గీశాడు. కారణం రాయమన్నచోట ఒకే వాక్యం: "ఈ ముసాయిదా తుప్పును ఆహ్వానిస్తోంది."

ఆహ్వానిస్తోందట. పెళ్ళికి పిలిచినట్టు.

మా కంపెనీ యజమాని డ్వైట్‌కి రేపు చెప్తాను. తమ్ముడు వెర్న్‌కి అసలు చెప్పను.

జనవరి 10

డ్వైట్‌కి చెప్పలేదు.

జనవరి 12

చెప్పాను. ఆయన కిటికీలోంచి మంచు కురవడం చూస్తూ, "సరే ఆర్లీన్, ఇంకేమైనా ఉందా?" అని అడిగాడు. అరిచినా బాగుండేది. కంపెనీ ఆయన తాత పెట్టినది. తాత ఫొటో ఆ కిటికీ పక్కనే ఉంటుంది.

జనవరి 21, శనివారం

రాత్రి భోజనానికి వెర్న్ ఇంటికి వెళ్ళాను. డోరీన్ పల్చటి స్వీడిష్ అట్లు పోసి, లింగన్‌బెర్రీ జామ్ పెట్టింది. మా తమ్ముడితో ఇన్నేళ్ళు కాపురం చేసి, ఇవాళ మొదటిసారి అడిగింది, అసలు ఆ ఆసిడ్ గదిలో స్టీలుని ఏం చేస్తారని.

చెప్పాను. లేత్ మీద మర కోస్తున్నప్పుడు పనిముట్టులోని ఇనుము పొడిగా రాలి స్టెయిన్‌లెస్ మీద అంటుకుంటుంది. కంటికి కనపడదు. తర్వాత అది తుప్పు పడుతుంది, జనం మన స్టీలే తుప్పు పట్టిందంటారు. ఆసిడ్‌లో ముంచితే ఆ పొడి కరిగిపోతుంది, అడ్డు తొలగాక స్టీలు తన పైపొర తనే కట్టుకుంటుంది. మనం చేసేది శుభ్రం చేయడం, పక్కకి తప్పుకోవడం.

"ఇంత చిన్న పనికి ఆ నారింజ రంగు పొగ దేనికి?" అంది డోరీన్.

అదే మేము కమిటీని అడుగుతున్నది. నిమ్మ ఉప్పు నీళ్ళూ అదే పని చేస్తాయి, పొగ లేకుండా. నేను ఇంకా ఏదో చెప్పబోతుంటే వెర్న్‌కి దగ్గు వచ్చింది. బల్ల దగ్గర్నుంచి లేచి వెనక వరండాలోకి వెళ్ళాడు. మేమిద్దరం అట్లు చూస్తూ కూర్చున్నాం.

నవంబరు నుంచి వాణ్ణి ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మేనేజరు కాదు, కానీ అప్పటిదాకా ఆసిడ్ గది వాడిది. ఇప్పుడు అట్టపెట్టెలకి టేపు అంటిస్తున్నాడు. నవంబరు సంగతి ఇక్కడ రాయను.

ఒక మాట మాత్రం రాసి పెట్టుకుంటాను. నేనీ పని వెర్న్ కోసం చేయడం లేదు. రసాయనం ఏం చెప్తే అది. ఇంకొకరి తమ్ముడైనా ఇదే చేసేదాన్ని.

ఫిబ్రవరి 6, సోమవారం

యోస్ట్ నోరు మూయించడానికి ఒకే లాటులోంచి తీసిన స్క్రూలని మూడు ల్యాబులకి పంపాం కదా. గంధకం కలిపిన రకం, లేత్ మీద వెన్నలా తెగేది, నైట్రిక్‌లో ముంచితే మొహం నల్లబడి చచ్చేది. కావాలనే కష్టమైన రకం పంపాను.

రెండు ల్యాబులు జవాబిచ్చాయి. ఉప్పునీటి తుంపరలో పెట్టినా ఒక్క మచ్చ లేదు. మైలుతుత్తం నీళ్ళు పూసినా రాగి రంగు తేలలేదు, అంటే ఇనుప పొడి లేదు. నిమ్మ ఉప్పులోంచి తీసిన స్క్రూ పెళ్ళికూతురి ముక్కుపుడకలా మెరుస్తోంది. నైట్రిక్‌లోంచి తీసినది మసి పట్టిన గరిట.

ల్యాబులో ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టి కాస్త గంతులు వేశాను. మిల్వాకీ ల్యాబు జవాబు రావాలి.

ఫిబ్రవరి 14

మిల్వాకీ స్క్రూలు తుప్పు పట్టాయి. అన్నీ.

ఫిబ్రవరి 15

నీళ్ళు. మిల్వాకీ నీళ్ళలో ఏదో ఉంది. కచ్చితంగా నీళ్ళే.

ఫిబ్రవరి 20

వాళ్ళు నీళ్ళు పరీక్ష చేసి పంపారు. మంచి నీళ్ళే. అయినా నా అనుమానం నీళ్ళ మీదే.

ఫిబ్రవరి 27

మా నీళ్ళే పీపాల్లో నింపి మిల్వాకీ పంపాను. మా నీళ్ళలో కూడా తుప్పు పట్టాయి. ల్యాబు ఆవిడ ఫోన్లో మర్యాదగానే మాట్లాడింది. ఇంకోసారి కావాలంటే మీ ఊరి గాలి కూడా పంపండి అంది.

యోస్ట్‌కి ఈ ఫలితం అందింది. కమిటీలో అందరికీ అందుతుంది, నియమం. ఆయన ఏమీ రాయలేదు. రాయాల్సిన అవసరం ఏముంది.

మార్చి 3, శుక్రవారం

డ్వైట్ నన్ను చేపల విందుకి తీసుకెళ్ళాడు. లెంట్ ఉపవాసాల్లో శుక్రవారం, ఎవరూ మాంసం ముట్టరు, హాలు నిండా జనం, అక్కడైతే నేను గొంతు పెంచనని తెలుసు. ఆయన చెప్పింది ఇది. రక్షణ శాఖ తన పాత ప్రమాణాలన్నీ వదిలేస్తోంది. విమానాల బోల్టులు కొనే మన పెద్ద ఖాతాదారు కొత్త ప్రమాణం ఏది చెప్తే అది చేయమంటున్నాడు. కొత్తదాంట్లో నైట్రిక్ ఒక్కటే ఉంటే, పొగ కడిగే గోపురం కట్టనిదే ఆ గది నడపడానికి రాష్ట్రం ఒప్పుకోదు. కట్టడం తన వల్ల కాదు. గది మూసేస్తాడు. గది మూస్తే మిగతాది అమ్మేస్తాడు.

"మే నెల సమావేశం దాకా ఆగుతాను, ఆర్లీన్. ఆ తర్వాత నా చేతిలో లేదు," అన్నాడు.

ఆ గదిలో పనిచేసేవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పాను. ఆయన చేప ముక్క మీద నిమ్మకాయ పిండుతూ అన్నీ విన్నాడు. ఆయన చెడ్డవాడైతే ఎంత సులువుగా ఉండేది.

మార్చి 8

కమిటీలో ఇద్దరికి ఫోన్ చేసి, యోస్ట్ ఓటుని "ఒప్పించేది కాదు" అని చేతులెత్తి కొట్టిపారేసే దారి ఉందా అని అడిగాను. మిల్వాకీ ఫలితం వచ్చాక ఎవరూ చెయ్యెత్తరని ఇద్దరూ అన్నారు.

ఇంకో దారి లేక ఆయనకే ఫోన్ చేశాను. నా పేరు చెప్పాను.

"రాక్‌ఫర్డ్ అమ్మాయివా," అన్నాడు. ఊరు సరే, నాకు యాభై దాటాయి. "ఫోన్లో తుప్పు కనపడదు. ఆ మిల్వాకీ స్క్రూలు పట్టుకుని రా."

పెట్టేశాడు.

మార్చి 18, శనివారం. ఈరీలో మోటెల్ గది.

వివరంగా రాయాలి, రేపటికి నాకే నమ్మకం కలగదేమో.

చికాగో దాటాక వాన, క్లీవ్‌లాండ్ దాటాక మంచు. యోస్ట్ ఇల్లు చెరువు వైపు వీధిలో ఉంది, చెరువంటే సముద్రమంత చెరువు, గడ్డకట్టి తెల్లగా ఉంది. తలుపు తీసింది ఒక పొట్టి మనిషి. ఓట్లలో ఇన్నాళ్ళూ చూసిన పేరుకి నేను పెద్ద ఆకారం ఊహించుకున్నాను. కోటు విప్పమనలేదు. "కిందకి పద," అన్నాడు. నేలమాళిగలో సింకు, బల్ల, దీపం. కూర్చోమనకుండానే సంచి అందుకుని స్క్రూలు బల్ల మీద పోశాడు. కొన్ని తుప్పు పట్టినవి, కొన్ని ఇంకా ఆసిడ్‌లో ముంచనివి.

ముంచని స్క్రూ ఒకటి నా చేతిలో పెట్టి కుళాయి కింద పట్టమన్నాడు. పట్టాను. నీళ్ళు ముత్యాల్లా విడివిడిగా నిలబడ్డాయి, తామరాకు మీద నిలబడ్డట్టు.

ఆయన గోడకి ఆనుకుని చూస్తున్నాడు. శుభ్రమైన లోహం మీద నీరు ఒకే పొరగా పరుచుకుంటుంది. చుక్కలుగా విడిపోతే దాని మీద జిడ్డుంది. ఇది కాలేజీ మొదటి ఏడాదిలో నేర్చుకున్న సంగతి. లేత్ నూనె. గంధకం కలిసిన చిక్కటి నూనె, మొహం తుడుచుకున్నట్టు పైపైన తుడిస్తే పోదు. మిగతా రెండు ల్యాబులూ తమ అలవాటు కొద్దీ వేడి సబ్బునీళ్ళలో కడిగి ముంచాయి. మిల్వాకీ వాళ్ళు మా ముసాయిదాని అక్షరం తప్పకుండా పాటించారు. అందులో కడగమని ఎక్కడా లేదు.

అందరికీ తెలుసు కదా అని నేనే రాయలేదు.

"నీళ్ళు అనుకున్నాను," అన్నాను.

"పీపాలు పంపావట," అన్నాడు. మిల్వాకీ ఆవిడ చెప్పి ఉంటుంది. నవ్వు ఆపుకోవడానికి ఆయన ముక్కు రుద్దుకున్నాడు.

ముందే ఈ సంగతి ఎందుకు రాయలేదని అడిగాను, ఒక వాక్యం బదులు నాలుగు వాక్యాలు రాస్తే చేయి అరిగేదా అని. అప్పుడు కూర్చోమన్నాడు. కమిటీలో ఒక్కడైనా తనని ఎందుకని అడిగాడా అన్నాడు. అందరూ తనని దాటుకుని పోయే దారే వెతికారట. నేనూ అదే వెతికాను, దొరక్క వచ్చానన్నాను. ఆ మాట ఆయనకి నచ్చినట్టుంది. పైకి వెళ్ళి రెండు కప్పుల కాఫీ తెచ్చాడు.

తర్వాత ఆయన చెప్పింది మాటకి మాట రాస్తున్నాను.

"నైట్రిక్‌ని చూస్తే మనిషికి భయం. జిడ్డు సరుకు ముంచితే తొట్టి బుసకొడుతుంది, పొగ లేస్తుంది. ఆ భయానికి ముందే కడుక్కుంటాడు. నీ నిమ్మ ఉప్పుకి ఎవడు భయపడతాడమ్మా? పిల్లల మిఠాయిలో వేసే వస్తువు. జిడ్డుతోనే ముంచేస్తాడు. తొట్టి నోరెత్తదు. ఆర్నెల్లకి ఏ పాల డెయిరీలోనో, ఏ ఆసుపత్రిలోనో తుప్పు బయటపడుతుంది. అప్పుడు నువ్వూ ఉండవు, నేనూ ఉండను. నాకు నీ ఆసిడ్ మీద కోపం లేదు. భయం పోతే జాగ్రత్త కూడా పోతుందని నా బాధ."

నేను ఇన్నాళ్ళూ జవాబులు తయారు చేసుకున్నాను. పట్టికలు, గ్రాఫులు.

అవన్నీ పక్కన పెట్టి నవంబరు సంగతి చెప్పాను. ఈ పుస్తకంలో రాయనిది, ముక్కూ మొహం తెలియని మనిషి నేలమాళిగలో కూర్చుని మొదటినుంచి చివరిదాకా చెప్పాను. చెప్పి, "మా వాడు భయపడుతూనే ఉన్నాడండీ, అన్నేళ్ళూ. జాగ్రత్తగానే ఉన్నాడు. ఇంకొకడు జాగ్రత్తగా లేడు. భయం అందరి చేతా కడిగించదు," అన్నాను.

ఆయన కుళాయి కారుతుంటే లేచి కట్టేశాడు.

"పేరేమిటి?"

"వెర్న్."

"భయం కాకపోతే ఏది కడిగిస్తుంది మరి?"

"కాగితం మీద రాస్తే కడుగుతారు."

పెన్సిలు తీశాడు. సాయంత్రం దాకా ఇద్దరం ఒక్క పేరా మీద కూర్చున్నాం. ముంచేముందు సరుకు జిడ్డు లేకుండా కడగాలి. నీరు పోస్తే పొర తెగకుండా పరుచుకోవాలి. ఇంతే. కానీ "కడగాలి" దగ్గర పెద్ద గొడవ. "కడగడం మంచిది" అంటే చిన్న షాపుల వాళ్ళు తేలిగ్గా ఒప్పుకుంటారని నేనన్నాను. ఆయన పెన్సిలు బల్ల మీద పెట్టేశాడు.

"మంచిదని చెప్పడానికి పాదిరీ ఉన్నాడు. మనం కడగాలి అని రాద్దాం."

కడగాలి అనే రాశాం. నైట్రిక్‌కీ, నిమ్మ ఉప్పుకీ, రెండింటికీ వర్తించేట్టు.

వెళ్తుంటే గుమ్మంలో ఒక మాట అన్నాడు, ఇంకా ఓటు మార్చుకోలేదు సుమా, మిల్వాకీ స్క్రూలు మారితే అప్పుడు చూద్దామని.

మార్చి 19

దారంతా రేడియో పెట్టలేదు. పెట్టడం గుర్తుకే రాలేదు.

ఏప్రిల్ 11, మంగళవారం

మిల్వాకీ. కడిగి ముంచిన స్క్రూలు. ఒక్క మచ్చ లేదు. మైలుతుత్తం పూసినా రంగు తేలలేదు. ల్యాబు ఆవిడ స్వయంగా ఫోన్ చేసి, ఈసారి మిల్వాకీ నీళ్ళే వాడామండీ అని చెప్పింది.

ల్యాబులో అందరూ ఉన్నారు. అయినా గంతులు వేశాను.

వెర్న్ ప్యాకింగ్ బల్ల దగ్గర్నుంచి కిటికీ అద్దంలోంచి చూశాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, "అక్కా, నీకు ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు. ఇప్పుడైనా చెప్పేయాల్సింది. సమావేశం అయ్యాక చెప్తానన్నాను.

"ఓట్ల గోల నాకు జనవరి నుంచే తెలుసు," అన్నాడు. "నువ్వు దాచిన సంగతి నీ మొహం మీద కనపడుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే."

మే 17, బుధవారం. డెన్వర్.

హోటల్లో కిటికీలు లేని హాలు. కాఫీ అనబడే నీళ్ళు. మా అంశం మధ్యాహ్నానికి గానీ రాలేదు, అప్పటిదాకా నేను బల్ల కింద కాళ్ళు ఊపుతూనే ఉన్నాను. యోస్ట్ గారు రెండో వరసలో, టై కట్టుకుని, నన్ను గుర్తు పట్టనట్టు కూర్చున్నారు.

నేను లేచి మిల్వాకీ కథ చెప్పాను. దాచలేదు. తుప్పు పట్టింది మా ముసాయిదా వల్లనేనని, అందులో కడగమని లేదని, లేకపోవడం నా తప్పని చెప్పాను. పీపాల సంగతి కూడా చెప్పాను. హాలు నవ్వింది. ఆ నవ్వు నాకు మేలే చేసింది.

నైట్రిక్ అమ్మే కంపెనీ తరఫున రోలండ్ ఫిచ్ అనే ఆయన లేచాడు. అసలు ఆయన పోయినసారి అనుకూలంగా ఓటు వేశాడు, యోస్ట్ ఎలాగూ ఆపుతాడని. ఇప్పుడు గాలి మారిందని కనిపెట్టి, సాయుధ దళాలు వాడే బోల్టులకి వంటింటి సరుకు పూయడం ఏమిటని పది నిమిషాలు మాట్లాడాడు. నేను జవాబుకి లేవబోతుంటే నా భుజం మీద ఎవరో చేయి వేసి కూర్చోబెట్టారు. యోస్ట్ గారు.

"వంటింటి సరుకే," అన్నారు ఆయన. "వంటింట్లో చెంచా తుప్పు పడితే మా ఆవిడ ఒక్కరోజు ఊరుకునేది కాదు. మన ప్రమాణం ఆమె ప్రమాణమంత గట్టిగా ఎన్నడూ లేదు. ఇవాళ కాస్త దగ్గరకి వచ్చింది."

హాల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, ఇది చప్పట్లు కొట్టే చోటు కాదని గుర్తొచ్చి ఆపేశారు.

ఆయన ఆగలేదు. ఇరవయ్యేళ్ళుగా ఈ కమిటీలో తన వ్యతిరేక ఓట్లన్నిటికీ జవాబులు వచ్చాయని, ప్రశ్న అడగడానికి ఇంటికి వచ్చింది మాత్రం ఒక్క మనిషేనని అన్నారు. కడగాలి అన్న పేరా చేర్చే షరతు మీద తన వ్యతిరేకత వెనక్కి తీసుకుంటున్నానని, దీన్ని కొత్త ఓటింగుకి పంపమని తనే ప్రతిపాదిస్తున్నానని చెప్పారు. అధ్యక్షుడు బలపరిచేవారెవరని అడిగాడు. హాలంతా చేతులు. ఫిచ్ చేయి కూడా, అందరికంటే ఆఖరున, సగం వరకు.

తర్వాత వసారాలో యోస్ట్ గారి దగ్గరకి వెళ్ళి కృతజ్ఞతలు చెప్పబోయాను. నా తమ్ముడు ఎలా ఉన్నాడని అడిగారు. ఏం చెప్పానో గుర్తులేదు. హాల్లో ఏడవలేదు, అక్కడ ఏడ్చాను. ఆయన తన చేతిరుమాలు ఇచ్చి, శుభ్రమైనదే, నీళ్ళు పోసి చూసుకో అన్నారు.

వెర్న్ కోసం చేయలేదని జనవరిలో రాశాను కదా. చదువుకుంటే నాకే నవ్వొస్తోంది.

మే 22

డ్వైట్‌కి సమావేశం సంగతంతా చెప్పాను. ఆగస్టు ఓట్ల దాకా ఆగుతానన్నాడు, నేను అడక్కముందే.

ఆగస్టు 24, గురువారం

ఒక్క వ్యతిరేక ఓటు లేదు. ఒక్కటి కూడా.

సెప్టెంబరు 14

విమానాల బోల్టుల ఖాతాదారు తన తనిఖీ మనిషిని పంపాడు. మూతి బిగించుకున్న సన్నటి ఆవిడ. కొత్త తొట్టిలోంచి ఏ బుట్టలో ఏ బోల్టు కావాలంటే అది ఏరుకోమన్నాను. అడుగు బుట్టలోంచి, అన్నిటికంటే మూలనున్నది ఏరింది. తన సంచిలోంచి తన సొంత మైలుతుత్తం సీసా తీసి పూసింది. గడియారం చూసి, కడిగి, దీపం కింద తిప్పి తిప్పి చూసింది.

"ఎక్కడైనా కాస్త రాగి రంగు కనపడుతుందని చూస్తున్నాను," అంది.

"చూడండి," అన్నాను.

ఇంకో రెండు ఏరింది. ఆఖరికి కాగితం మీద సంతకం పెట్టి, తమ వాళ్ళకి ఈ తొట్టి చూపించడానికి వచ్చే నెల ఇద్దరిని తీసుకురావచ్చా అని అడిగింది. ఆమె కారు మలుపు తిరిగేదాకా డ్వైట్ మర్యాదగా నిలబడ్డాడు. తిరిగాక నన్ను పట్టుకుని పార్కింగు స్థలంలో పోల్కా డాన్సు చేయించాడు. ఆయన కాలు నా కాలి మీద రెండుసార్లు పడింది.

సెప్టెంబరు 30, శనివారం

ఇవాళ నైట్రిక్ తొట్టి ఖాళీ చేశాం. లారీ వచ్చి పాత ఆసిడ్ తోడుకుపోయింది. శనివారమైనా అందరూ వచ్చారు, పని లేనివాళ్ళు కూడా. తొట్టి అడుగు కనపడ్డాక అందరూ వంగి చూశారు. ఇంతేనా అనిపించింది. చూస్తే మామూలు పెట్టె.

ఇక నవంబరు సంగతి రాస్తాను.

ఆ రోజు రెండో షిఫ్టు వాళ్ళు జిడ్డు కడగని బుట్ట వేడి తొట్టిలోకి దించారు. నారింజ పొగ కప్పు దాకా లేచింది. అందరూ బయటికి పరిగెత్తారు, వెర్న్ కూడా బయటికి వచ్చేశాడు. వచ్చి, బుట్ట లోపల ఉన్నంతసేపూ పొగ ఆగదని మళ్ళీ లోపలికి వెళ్ళాడు. బుట్ట పైకెత్తి కొక్కేనికి తగిలించి బయటికి నడిచి వచ్చాడు. బాగానే ఉన్నాడు. మాతో జోకులు వేశాడు. రాత్రికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆసుపత్రిలో పడ్డాడు. ఆ పొగ అలాగే చేస్తుంది, తీరిగ్గా. మూడోరోజు కళ్ళు తెరిచి నన్ను మొదట అడిగింది, బుట్టలో సరుకు పాడైందా అని.

రాశాను. ఇంతే.

లారీ వెళ్ళాక వెర్న్ గదిలోకి వచ్చాడు. డాక్టరు నిమ్మ ఉప్పు గదికి ఒప్పుకున్నాడు. ఊపిరి పాతలా ఎప్పటికీ రాదని కూడా చెప్పాడు. వెర్న్ గది మధ్యలో నిలబడి, గాలి పీల్చి, "వాసనే లేదు. నేను పనిచేస్తున్నానని నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత బుట్ట ఎత్తే మీట ఎవరో తప్పుగా బిగించారని కనిపెట్టి, బిగించినవాణ్ణి వదలకుండా తిట్టాడు. గది మళ్ళీ వాడిదైంది.

డోరీన్ కారులోనే కూర్చుంది. లోపలికి రమ్మంటే రానంది. కిటికీ అద్దం దించి, నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

నవంబరు 6

మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రెండూ నిండాయి. కొత్తవాళ్ళని తీసుకుంటున్నాం.

ఫిబ్రవరి 20, 1996. మంగళవారం.

అచ్చయిన ప్రమాణం తపాలాలో వచ్చింది. పల్చటి పుస్తకం. కడగాలి అన్న పేరా కళ్ళతో చూశాను, వేలితో తడిమాను. ఈరీకి ఫోన్ చేస్తే యోస్ట్ గారు ఒక కామా తప్పుందన్నారు. నిజంగానే ఉంది.

మార్చి 12, మంగళవారం

పొద్దున్నే ఓక్లహోమా నుంచి, టల్సా నుంచి, ఫోను. స్టీలు సరుకు ఆసిడ్‌లో ముంచిచ్చే చిన్న ఫినిషింగ్ షాపు యజమాని, పేరు ఓర్విల్. కమిటీ ఆఫీసువాళ్ళు ఆ పేరాకి నా నంబరు ఇచ్చారట.

"ఆ కడగాలి అన్న లైను రాసిన మహానుభావుడెవరండీ?" అన్నాడు. గొంతు నిండా కారం.

"ఈరీలో ఒక పెద్దాయన, నేనూ."

"కడగాలి అంటే తప్పకుండా కడగాలా?"

"తప్పకుండా."

తన గదిలో ఇంకో తొట్టికి చోటు లేదని, ఊళ్ళో ఎవరూ ఇంత చాదస్తం చేయరని చాలాసేపు సణిగాడు. నేను విన్నాను. తొట్టి లేకపోతే కడిగే పీపా ఒకటి మూలన పెట్టుకోవచ్చని, ఏ సబ్బు ఎంత వేడిలో వాడాలో చెప్పాను. ముందు తన స్క్రూ ఒకటి కుళాయి కింద పెట్టి చూడమన్నాను. ఫోను బల్ల మీద పెట్టి వెళ్ళినట్టున్నాడు. నీళ్ళ చప్పుడు వినపడింది. తిరిగి వచ్చాడు.

"చుక్కలు చుక్కలుగా నిలబడుతున్నాయండీ."

"తెలుసు," అన్నాను.

అప్పుడు గొంతు తగ్గించి అడిగాడు. నిమ్మ ఉప్పుకి మారితే పొగ అసలు రాదా, నిజం చెప్పండి, మా గదిలో మా అబ్బాయే పనిచేస్తాడు అన్నాడు.

ఆగమని చెప్పి, గదిలోకి వెళ్ళి వెర్న్‌ని పిలిచాను. చేతులు తుడుచుకుంటూ వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. ఫోను వాడి చేతిలో పెట్టి బయటికి వచ్చాను.

కాఫీ తాగి, రెండు సరుకు కాగితాల మీద సంతకాలు పెట్టి తిరిగి వచ్చేసరికి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఊపిరి అందక మధ్యమధ్య ఆగుతున్నాడు. అవతలి మనిషి ఓపిగ్గా ఆగుతున్నట్టున్నాడు. వెర్న్ మళ్ళీ అందుకుంటున్నాడు.